ఊడ్పులయ్యాక వచ్చే శనివారం: మన బడి శిబిరం కథ

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని కమిటీ వారు కబురు పెట్టారు. బడి చరిత్రంతా అక్కర్లేదు, వానాకాలపు శిబిరం గురించి రాస్తే చాలన్నారు. ఇక్కడ చదివిన వాళ్ళలో ఆల్జీబ్రా మరిచిపోయిన వాళ్ళు బోలెడుమంది. శిబిరాన్ని మరిచిన వాళ్ళు మాత్రం నాకు తారసపడలేదు. అందుకే ఒప్పుకున్నాను.

మన డెల్టాలో మిషన్ బడుల కథ పాతది. 1836లో ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు గోదావరి డెల్టాలో సువార్త పని మొదలుపెట్టాయి. 1843లో రాబర్ట్ నోబుల్ దొర బందరులో ఇంగ్లీషు బడి తెరిచారు. 1854లో సి.ఎం.ఎస్. వారు ఏలూరుకు వచ్చారు. 1864 నవంబరు 1 రాత్రి బందరు ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. వారిలో మిషన్ బడి బాలికలు కూడా ఉన్నారు. 1912లో అజరయ్యగారు దోర్నకల్ బిషప్పు అయ్యారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆ పెద్దల బంతిలో చిట్టచివర కూర్చున్న పిల్లవాడు మన బడి.

శిబిరం పెట్టింది మా పెద్ద మాస్టారు. ఖద్దరు లాల్చీ, చంకలో నల్ల గొడుగు, సైకిలు హ్యాండిలుకు బైబిలు సంచీ. వానల్లో శిబిరమేమిటని ఎవరడిగినా ఆయనది ఒకటే జవాబు: "ఎండాకాలంలో హాస్టలు పిల్లలు అమ్మానాన్నలతో కూలికి పోతారు. జులైలో ఊడ్పులు. ఊడ్పులయ్యాకేనయ్యా మన పిల్లలకు తీరిక." పంచాంగం చూడకుండా, చేలు చూసి శిబిరం తేదీ పెట్టిన మనిషి ఆయన. తలకు కిలో బియ్యం, పది రూపాయలు రుసుము. ఇవ్వలేని వాళ్ళ పేర్ల ఎదుట ఆయనే టిక్కు పెట్టేవారు. తెల్లవారుజామున ప్రార్థన, పగలు బైబిలు పాఠం, రాత్రి పెట్రోమాక్సు వెలుగులో హార్మోనియం మీద కీర్తనలు, సాక్ష్యాలు. ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసు. శిబిరమంటే ఇంతే.

ఇక 1986. ఆగస్టు 15 శుక్రవారం పడింది. జెండా వందనం చేసి, పప్పుబిళ్ళలు పంచుకుని, మధ్యాహ్నానికి కొల్లేటిలోని ఒక లంక గ్రామానికి చేరాం. బస అక్కడి చర్చిలో. అప్పటికే కొద్ది రోజులుగా ముసురు. శనివారం భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గోదావరి మాకు దూరమే గాని వాన దూరం కాదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్ళన్నీ కొల్లేటిలోకి వచ్చి పడతాయి. బయటికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. సముద్రం పోటు మీదుంటే అదీ సరిగ్గా లాగదు.

శనివారం రాత్రి నీళ్ళు ముందుగా వరండా ఎక్కాయి. వరండాలో పడుకున్నది హాస్టలు పిల్లలు. హాల్లో పడుకున్నది ఫీజులు కట్టే ఇళ్ళ పిల్లలు. అలా ఎవరు ఏర్పాటు చేశారో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నీళ్ళు రాగానే పెద్ద మాస్టారు తలుపులు బార్లా తీసి అందరినీ లోపలికి తోలారు. కాసేపటికి హాల్లోకీ నీళ్ళొచ్చాయి. బెంచీలు జోడించి వాటి మీద అందరం ఒకరి కాళ్ళ మీద ఒకరం పడుకున్నాం. వంట అవ్వ బల్ల మీద ఇటుకల పొయ్యి పేర్చి గంజి కాచింది. పళ్ళేలు చాలక ఇద్దరికొకటి. ఎవరి పళ్ళెం ఎవరిదని ఆ రాత్రి ఎవరూ చూడలేదు.

ఆదివారం పొద్దున లంక వాళ్ళు తాటిదోనెలు రెండేసి జతకట్టి తెచ్చారు. వాళ్ళు చర్చి వాళ్ళు కారు, కొల్లేటికోట పెద్దింట్లమ్మను కొలిచే వాళ్ళు. గడ వేస్తూ వాళ్ళు అమ్మవారిని తలుచుకుంటే, దోనెలో మేము కీర్తన ఎత్తుకున్నాం. చీకటి పడేలోగా ఒక్కరూ తగ్గకుండా గట్టెక్కాం.

ఆ తర్వాత చాలా ఏళ్ళు శిబిరం జరిగింది, వాన పడింది. అమ్మాయిలనూ తీసుకెళ్ళడం మొదలైంది. కొల్లేరు చేపల చెరువులతో నిండింది. 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్సార్ జాబితాకెక్కింది, 2006లో చెరువు గట్లు తెగ్గొట్టారు. శిబిరం తాడేపల్లిగూడెం వైపు మెరక నేలకు మారింది.

దాతల పేర్లు వేరే పేజీలో ఉన్నాయి కాబట్టి ఇచ్చినవి చెబుతాను. రైసుమిల్లు వారి బియ్యం, బెల్లం కొట్టు వారి బుట్టలు, ఉల్లిపాయల వ్యాపారి బస్తాలు, లారీ యజమాని ఉచిత ప్రయాణం, స్త్రీల సమాజం వారి దుప్పట్లు, డాక్టరుగారి మందుల పెట్టె, అమెరికాలో స్థిరపడిన పూర్వ విద్యార్థుల జనరేటరు. అందరికీ వందనాలు.

చివరిగా ఒక్క మాట. 1987లో శిబిరం మళ్ళీ జరిగింది. హాస్టలు వాళ్ళం మళ్ళీ వరండాలోనే పడుకున్నాం. అవును, నేనూ వరండా వాడినే. భోజనాలయ్యాక పళ్ళేలు కడిగే వంతు కూడా మాదే. పెద్ద మాస్టారి మీద నాకు భక్తి ఉంది. ఆ ఒక్క రాత్రి తీసిన తలుపులు మరుసటి ఏడూ తీసి ఉంచలేదేమిటని ఆయన బతికుండగా అడగలేకపోయాను. కీర్తనల్లో అందరం సోదరులమే. పడకల దగ్గరకొచ్చేసరికి ఆ సోదరభావానికి గోడ అడ్డం వచ్చింది.

ఇప్పుడు ఉత్సవాలకు పాలరాతి ఫలకం చెక్కిస్తున్నారు. నమూనా నాకూ చూపించారు. అందులో డబ్బిచ్చిన వాళ్ళున్నారు. గంజి కాచిన అవ్వ లేదు, దోనెలు తెచ్చిన లంక వాళ్ళు లేరు. ఆ పేర్లు నాకు తెలిసినంత వరకు రాసి ఈ వ్యాసంతో పాటు కమిటీకి విడిగా పంపిస్తున్నాను. రాయి చెక్కేలోగా చేర్చండి. చోటు చాలకపోతే పూర్వ విద్యార్థుల వరుసలో నా పేరు తీసేయండి. ఈ ఆగస్టు శిబిరంలో పళ్ళేలు కడిగే వంతులు హాజరుపట్టీ వరుసలో వేయండి.