తుఫాను కాలానికి ముందే వాణిజ్య ప్రాంగణాల రక్షణ: తీర జిల్లాల సంస్థలు చేపట్టవలసిన చర్యలు

బంగాళాఖాతంలో తుఫానులు ప్రధానంగా రెండు కాలాల్లో ఏర్పడుతుంటాయి. ఏప్రిల్ నుండి జూన్ వరకు మొదటిది, అక్టోబరు నుండి డిసెంబరు వరకు రెండవది. ఆంధ్రప్రదేశ్ తీరానికి రెండవ కాలమే అధిక నష్టం కలిగించినట్లు చరిత్ర తెలుపుతున్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫాను, 2014 అక్టోబరు 12న విశాఖపట్నంపై విరుచుకుపడిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ, 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిచాంగ్, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపాన తీరం దాటిన మొంథా ఈ కోవలోనివే. అయితే మే నెలను తేలికగా తీసుకొనుటకు వీలు లేదు. 1990 మే 9 నాటి మచిలీపట్నం తుఫాను, 2010 మే 20న బాపట్ల వద్ద తీరం దాటిన లైలా ఇందుకు నిదర్శనాలు.

ప్రాణరక్షణకు సంబంధించి ముందస్తు హెచ్చరికలు, ఖాళీ చేయింపు, తుఫాను ఆశ్రయ భవనాలు మొదలైన ఏర్పాట్లు గత నాలుగు దశాబ్దాల్లో ఎంతో మెరుగుపడ్డాయి. 1977లో అధికారిక అంచనాల ప్రకారమే సుమారు 10 వేల మంది మరణించగా, అనంతర కాలపు తుఫానుల్లో మరణాల సంఖ్య గణనీయంగా తగ్గింది. దుకాణాలు, గోదాములు, హోటళ్ళు, రైసు మిల్లులు, శీతల గిడ్డంగులు, చిన్న కర్మాగారాల విషయంలో మాత్రం అంతటి సన్నద్ధత ఏర్పడలేదనే చెప్పవలసి ఉన్నది. తుఫాను హెచ్చరిక వెలువడిన తర్వాత షట్టరు దించి తాళం వేయడమే జాగ్రత్తగా భావించే సంస్థలు నేటికీ అనేకం కలవు. వాస్తవానికి ఒక వాణిజ్య భవనం తుఫానుకు నిలుస్తుందా, లేదా అన్నది చివరి 24 గంటల్లో తేలే విషయం కాదు. పైకప్పు బిగింపు, షట్టరు పట్టు, సరుకు ఉంచే ఎత్తు, బీమా మొత్తం అనే నాలుగూ సెప్టెంబరు ముగిసేలోగా సరిచూడవలసిన అంశాలు.

హుద్‌హుద్ అనుభవం

హుద్‌హుద్ తుఫాను ఒక మహానగరంపై నేరుగా తీరం దాటినందున వాణిజ్య సంస్థలకు అది ప్రత్యేక పాఠం. 2014 అక్టోబరు 12 మధ్యాహ్నం గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. విమానాశ్రయ ప్రయాణికుల భవనం పైకప్పు దెబ్బతినగా, విమాన రాకపోకలు కొద్ది రోజులు నిలిచిపోయాయి. విద్యుత్ సరఫరా స్తంభించి ఉక్కు కర్మాగారంలో ఉత్పత్తి ఆగిపోయింది. సముద్రతీర మార్గంలోని హోటళ్ళు, షోరూముల అద్దాలు పగిలి, లోపలి సామగ్రి గాలి వానలకు గురైంది. ఆ ఏడు దసరా అక్టోబరు 3న ముగిసింది, దీపావళి 23న రానున్నది. అనగా వ్యాపారులు పండుగ సరుకును నిండుగా నింపుకొన్న సమయమది. తుఫాను కాలమూ, పండుగ సరుకు కాలమూ ఒకటే కావడం తీరాంధ్ర వాణిజ్యానికి ఉన్న విశేష ఇబ్బంది. దీనిని దృష్టిలో ఉంచుకొనే మిగిలిన ఏర్పాట్లన్నీ చేసుకోవలసి ఉంటుంది.

ఆనాడు తుఫాను కన్ను నగరం మీదుగా వెళ్ళడంతో కొంతసేపు గాలి నెమ్మదించింది. అనంతరం గాలి వ్యతిరేక దిశ నుండి మళ్ళీ విజృంభించింది. తొలి గాలికి సడలిన రేకులు, బోర్డులు ఇటువంటి రెండవ గాలికి ఎగిరిపోతాయి. గాలి తగ్గినదని దుకాణం చూసుకొనుటకు బయలుదేరడం అత్యంత ప్రమాదకరం. తుఫాను పూర్తిగా దాటినదని అధికారిక ప్రకటన వెలువడే వరకు ఎవరూ బయటకు రాకూడదు.

పైకప్పు, షట్టరు

గాలి వేగం రెట్టింపయితే అది భవనంపై కలిగించే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. గంటకు 90 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుపై సుమారు 38 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి కలిగిస్తే, 180 కిలోమీటర్ల గాలి కలిగించే ఒత్తిడి 150 కిలోలకు పైబడి ఉంటుంది. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు గల సాధారణ దుకాణం షట్టరుపై ఇది సుమారు 1,100 కిలోల బలం. షట్టరు తాళం ఎంత గట్టిదైనా, ఇరువైపులా ఉండే గాడులు లోతు తక్కువైనా, తుప్పు పట్టినా షట్టరు మధ్యకు వంగి గాడిలోనుండి బయటకు వస్తుంది. ఆ పిమ్మట గాలి లోనికి చొరబడి పైకప్పును లోపలి నుండి పైకి నెడుతుంది. అదే సమయంలో పైకప్పు మీదుగా వీచే గాలి దానిని పైకి లాగుతూ ఉంటుంది. రేకుల కప్పు గల గోదాములు తుఫానుల్లో కప్పు కోల్పోవడానికి ఈ రెండు బలాలూ కలియడమే ప్రధాన కారణం. కనుక షట్టరును కాపాడడమంటే పైకప్పును కాపాడడమే.

వెడల్పయిన షట్టరు వెనుక మధ్యలో నిలువుగా ఇనుప కమ్మీ లేదా గొట్టం అమర్చి, దానిని నేలలోను, పైదూలంలోను బిగించే ఏర్పాటు ముందుగానే చేయించుకొనవచ్చు. అవసరమైనప్పుడు అమర్చి, తర్వాత తీసివేయవచ్చు. ఖర్చు స్వల్పం. రేకుల కప్పులో అంచులు, మూలలు, నడికొప్పు వద్ద గాలి లాగుడు అధికంగా ఉంటుంది గనుక ఆయా చోట్ల బోల్టులను దగ్గర దగ్గరగా బిగించాలి. తుప్పు పట్టిన కొక్కెపు బోల్టులను మార్చాలి. పగిలిన ఆస్బెస్టాస్ రేకును అతుకు వేసి ఉంచడం తగదు. అటువంటి ఒక్క రేకు ఊడినా ఆ సందు నుండి గాలి దూరి పక్క రేకులను లేపుతుంది. అద్దాలకు అంటుకునే టేపు అతికించడం వాడుకలో ఉన్నది గాని, దానివల్ల అద్దం బలపడదు. తగిన మందం గల ప్లైవుడ్ పలకలను ఒక్కొక్క అద్దానికి కొలత ప్రకారం ముందే కోయించి, రంధ్రాలు చేయించి, సంఖ్యలు వేసి భద్రపరచుకొన్న పక్షంలో హెచ్చరిక వచ్చిన రోజున కొద్ది గంటల్లో బిగించవచ్చు. ఆ రోజున వడ్రంగి దొరకడం కష్టం.

కొత్తగా నిర్మించే గోదాములు, కర్మాగారాలకు భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐ.ఎస్. 875 మూడవ భాగం వర్తిస్తుంది. 2015లో సవరించిన ఈ ప్రమాణంలో విశాఖపట్నానికి మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లుగా, అనగా గంటకు 180 కిలోమీటర్లుగా నిర్దేశించారు. తూర్పు తీరం నుండి 60 కిలోమీటర్ల లోపు గల పారిశ్రామిక కట్టడాలకు గాలి వేగాన్ని 1.15 రెట్లుగా లెక్కించవలసి ఉంటుంది. నిర్మాణ అనుమతుల పరిశీలనలో స్థానిక సంస్థల అధికారులు ఈ అంశంపై దృష్టి సారించడం ఎంతైనా అవసరం. పాత షెడ్డుకు పక్కన కొత్త షెడ్డు తగిలించే సందర్భాల్లో ఈ లెక్క తరచుగా విస్మరింపబడుతున్నది.

భవనాలపై హోర్డింగులు, ఫ్లెక్సీ చట్రాలు, నీటి ట్యాంకులు, సౌర పలకలు, ఏసీ యంత్రాల బయటి భాగాలు కూడా యజమాని బాధ్యతలోనివే. ఇవి ఊడిపడిన పక్షంలో నష్టపోయేది సంస్థ మాత్రమే కాదు, దారిన పోయే వ్యక్తి కూడా. ఫ్లెక్సీ గుడ్డను తీసివేస్తే చట్రంపై గాలి ఒత్తిడి చాలావరకు తగ్గుతుంది. ఇది అరగంట పని.

నీరు, సరుకు, విద్యుత్

గాలి తీరానికి చేరువలోనే ప్రతాపం చూపితే, వర్షం మరింత దూరం ప్రయాణిస్తుంది. 2024 సెప్టెంబరు 1 తెల్లవారుజామున వాయుగుండం కళింగపట్నం సమీపాన తీరం దాటగా, అక్కడికి వందల కిలోమీటర్ల దూరాన గల విజయవాడలో బుడమేరు వరద సింగ్ నగర్ తదితర ప్రాంతాలను ముంచివేసింది. నేల అంతస్తు దుకాణాలు రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయాయి. తుఫాను తమ జిల్లాను తాకడం లేదని ఊరట చెందడం సరికాదని ఈ ఘటన తెలుపుతున్నది.

సెల్లారులో సరుకు నిల్వ చేయడం మానుకోవాలి. గోదాముల్లో బస్తాలను నేలపై కాక చెక్క పలకలపై, గోడకు కొంత ఎడంగా పేర్చాలి. ప్రాంగణంలో పూర్వం నీరు నిలిచిన ఎత్తును గోడపై రంగుతో గుర్తించి, విలువైన సరుకును, కంప్యూటర్లను, దస్తావేజులను ఆ గుర్తుకు పైన ఉంచడం సులువైన పద్ధతి. ఖాతా పుస్తకాలు, సరుకు జాబితా, బీమా పత్రాల నకళ్ళను మరో ఊరిలో ఉంచుకొనాలి. డిసెంబరు తుఫానుల్లో ధాన్యం తడిసి నష్టపోయేది రైతులతో పాటు మిల్లర్లు కూడా. మిల్లు ఆవరణలో ఆరుబయట నిల్వలు ఉన్నప్పుడు టార్పాలిన్ కప్పడం ఒక్కటే చాలదు. వాటిని తాళ్ళతో బిగించి కట్టడం, నీరు బయటకు పోయే కాలువను ముందుగా పూడిక తీయించడం కూడా జరగాలి.

విద్యుత్ సరఫరా ఆగిపోవడం తప్పనిసరిగా ఊహించవలసిన విషయం. హుద్‌హుద్, తిత్లీ తుఫానుల అనంతరం పలు ప్రాంతాలు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. జనరేటరును సెల్లారులో ఉంచిన సంస్థలకు అవసరమైనప్పుడే అది నీట మునుగుతుంది. రొయ్యల శుద్ధి కర్మాగారాలు, ఐసు ఫ్యాక్టరీలు, శీతల గిడ్డంగులు వాడే అమ్మోనియా ప్రాణాంతకమైన వాయువు. గాలులు తీవ్రమయ్యేలోగా సంబంధిత నిపుణుని పర్యవేక్షణలో యంత్రాలను క్రమపద్ధతిలో నిలుపుదల చేయవలసి ఉంటుంది. పెట్రోలు బంకుల భూగర్భ ట్యాంకులు ఖాళీగా ఉన్నట్లయితే వరద నీటి తోపుడుకు పైకి లేచే ప్రమాదం కలదు గనుక తుఫానుకు ముందు వాటిని నింపి ఉంచడం, మూతల గుండా నీరు చొరకుండా బిగించడం మేలు. తుఫాను తర్వాత అంబులెన్సులకు, సహాయక వాహనాలకు ఇంధనం ఇవ్వవలసినది ఆ బంకులే.

బీమా

వాణిజ్య సంస్థలకు బీమా నియంత్రణ ప్రాధికార సంస్థ 2021 ఏప్రిల్ 1 నుండి రెండు ప్రామాణిక పాలసీలను అమలులోకి తెచ్చింది. ఒక ప్రాంగణంలోని ఆస్తి విలువ 5 కోట్ల రూపాయల వరకు ఉన్న సంస్థలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, 5 కోట్లకు మించి 50 కోట్ల వరకు ఉన్న వాటికి భారత్ లఘు ఉద్యమ్ సురక్ష వర్తిస్తాయి. తుఫాను, వరద నష్టాలు వీటి పరిధిలో ఉన్నాయి. వ్యాపారం నిలిచిపోవడం వల్ల కోల్పోయిన లాభానికి మాత్రం వేరుగా బీమా పొందవలసి ఉంటుంది.

వ్యాపారులు గ్రహించవలసిన ముఖ్య విషయం సరాసరి నిబంధన. 20 లక్షల రూపాయల సరుకును 10 లక్షలకే బీమా చేయించిన దుకాణంలో 4 లక్షల నష్టం వాటిల్లితే, పరిహారం 4 లక్షలు కాదు, 2 లక్షలే. విలువలో సగానికే బీమా ఉన్నందున నష్టంలోనూ సగమే లభిస్తుంది. మామూలు నెలల సరుకును బట్టి బీమా మొత్తం నిర్ణయించుకొన్న వస్త్ర, గృహోపకరణాల దుకాణాలు దసరా, దీపావళి సరుకు దించుకొన్న అక్టోబరులో సరిగ్గా ఈ స్థితిలో ఉంటాయి. పండుగ నెలలకు బీమా మొత్తాన్ని పెంచుకొనడం, పాలసీ గడువు తేదీ ఈ నెలల్లో ముగియకుండా చూసుకొనడం శ్రేయస్కరం.

హెచ్చరికలు, సిబ్బంది

భారత వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికలను నాలుగు దశల్లో జారీ చేస్తుంది. 72 గంటల ముందు తొలి సూచన, కనీసం 48 గంటల ముందు అప్రమత్తత, కనీసం 24 గంటల ముందు హెచ్చరిక, 12 గంటల ముందు తీరం దాటిన అనంతర పరిస్థితిపై అంచనా వెలువడతాయి. మొదటి దశలో సరుకు ఎత్తుకు చేర్చడం, రెండవ దశలో పలకలు, కమ్మీలు బిగించడం పూర్తయిన సంస్థకు మూడవ దశలో మిగిలే పని విద్యుత్ మెయిన్ ఆపి, సిబ్బందిని పంపివేయడం మాత్రమే. మూడవ దశ వరకు వేచి ఉన్న సంస్థకు అన్ని పనులూ ఒకే రోజున మీద పడతాయి. అప్పుడు సాధారణంగా వదిలివేయబడేది సిబ్బంది సంగతే.

గోదాముకు కాపలాగా ఒక్కరినైనా ఉంచాలన్నది పాత అలవాటు. రేకుల షెడ్డులో ఒంటరిగా ఉండే కాపలాదారు దొంగలను ఆపగలడేమో గాని, తుఫానును ఆపలేడు. అతనిని అక్కడ ఉంచడం వల్ల కాపాడబడే ఆస్తి ఏదీ లేదు. ప్రాంగణాల్లోనే నివసించే ఒడిశా తదితర రాష్ట్రాల వలస కార్మికులకు హెచ్చరికలను వారి భాషలో తెలియజేసి, సమీప ఆశ్రయ భవనానికి చేర్చే బాధ్యత యాజమాన్యానిదే. విపత్తుల నిర్వహణ చట్టం, 2005 ప్రకారం జిల్లా కలెక్టరు అధ్యక్షతన గల జిల్లా ప్రాధికార సంస్థ ఇచ్చే ఆదేశాలను నిరాకరించడం 51వ సెక్షను కింద శిక్షార్హం. ఒక సంవత్సరం వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. నిరాకరణ వల్ల ప్రాణనష్టం జరిగితే జైలు శిక్ష రెండేళ్ళ వరకు ఉంటుంది. సహాయం, సమాచారం కొరకు రాష్ట్ర కంట్రోల్ రూము 1070, జిల్లా కంట్రోల్ రూము 1077 నంబర్లను ప్రాంగణంలో అందరికీ కనిపించేలా రాసి ఉంచాలి.

తుఫాను దాటిన అనంతరం ప్రాంగణంలో ప్రవేశించే ముందు తెగిన తీగలను గమనించాలి. తడిసిన స్విచ్ బోర్డులను ఎలక్ట్రీషియను పరీక్షించే వరకు విద్యుత్ మెయిన్ వేయరాదు. శుభ్రపరచే ముందే నష్టాన్ని గది గదిగా ఛాయాచిత్రాలు తీసి, బీమా సంస్థకు వెంటనే సమాచారం అందించాలి. నీరు సోకిన ఆహార పదార్థాలను, మందులను మిగిలిన సరుకు నుండి వేరుచేసి, అమ్మకానికి రాకుండా గుర్తు వేసి, సర్వేయరు లెక్కించిన పిమ్మట నాశనం చేయాలి. సర్వేయరు రాక ఆలస్యమై కుళ్ళిన సరుకును ముందే తొలగించక తప్పని పక్షంలో, బీమా సంస్థకు తెలియజేసి, ఛాయాచిత్రాలతోను, జాబితాతోను నమోదు చేసుకొనవలసి ఉంటుంది.