బాధలకు పద్దు రాసిన క్వేకర్లు

1661 తొలి నెలల్లో లండన్‌లో ఎడ్వర్డ్ బరో అనే యువ క్వేకర్ ప్రచారకుడు ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. అట్లాంటిక్ అవతల మసాచుసెట్స్ వలస రాజ్యంలో తనవాళ్లు పడుతున్న బాధలను రెండో చార్లెస్ రాజుకు విన్నవించుకోవడం దాని ఉద్దేశం. అందులో ఆక్రోశం ఉంది, దేవుడి పేరు మీద హెచ్చరికలూ ఉన్నాయి. కానీ చదివేవారిని ఆపి నిలబెట్టేది మాత్రం ఒక జాబితా. జైలు శిక్షలు 64, అన్నీ కలిపితే 519 వారాలు. తారు పట్టించిన తాళ్లతో ఇద్దరి ఒంటి మీద పడిన దెబ్బలు 139. కుడి చెవి కోతకు గురైనవారు ముగ్గురు. మతద్రోహి అని తెలిసేలా కుడిచేతి మీద ఇనుము కాల్చి అక్షరం వేసింది ఒకరికి. బోస్టన్‌లో ఉరికంబం ఎక్కినవారు ముగ్గురు: 1659 అక్టోబరులో విలియం రాబిన్సన్, మార్మడ్యూక్ స్టీఫెన్సన్, 1660 జూన్‌లో మేరీ డయ్యర్. ఈ అంకెలు ఎవరు కూర్చారు, ఎందుకు కూర్చారు అన్న ప్రశ్న దగ్గరే ఆ ఉద్యమపు అసలు బలం బయటపడుతుంది.

అంతఃకరణ స్వేచ్ఛ అనగానే పాఠ్యపుస్తకాలు మనల్ని తత్వవేత్తల దగ్గరికి తీసుకెళ్తాయి. 1689లో అచ్చయిన జాన్ లాక్ సహన లేఖను చూపిస్తాయి. దాని గొప్పతనాన్ని తగ్గించాల్సిన పనిలేదు. కానీ ఆ లేఖ వెలువడేనాటికి దాదాపు నలభై ఏళ్లుగా ఇంగ్లండ్‌లో నేతగాళ్లు, రైతులు, పనిమనుషులు, గృహిణులు అదే విషయం మీద కరపత్రాలు తెస్తూనే ఉన్నారు. వాళ్లలో చాలామందికి తర్కశాస్త్రం తెలియదు. తెలిసిందల్లా ఏ రోజు, ఏ ఊళ్లో, ఏ అధికారి, ఎవరింట్లోంచి, ఏ వస్తువు పట్టుకుపోయాడన్నది. దాన్ని పేర్లతో సహా రాశారు. మనస్సాక్షి మీద బలప్రయోగం తప్పు అనే వాదన అప్పటికే పాతది. ఆ బలప్రయోగాన్ని విచారణకు నిలిచే సాక్ష్యంగా మార్చడం క్వేకర్ల సొంత కృషి. సహనం కోసం జరిగిన పోరాటానికి వాళ్లిచ్చిన పెద్ద కానుక ఇదే అని నా వాదన.

ఈ అలవాటు ఎందుకు పుట్టిందో తెలియాలంటే వాళ్లు ఏ ఉచ్చులో చిక్కారో చూడాలి. 1650 ప్రాంతంలో జార్జ్ ఫాక్స్ బోధలతో మొదలైన ఈ ‘మిత్రుల’ బృందం నమ్మింది ఒకటే: దైవకాంతి ప్రతి మనిషిలోనూ ఉంది, దానికి పూజారి మధ్యవర్తిత్వం అక్కర్లేదు. దాంతో చర్చికి కట్టాల్సిన దశమభాగం పన్ను కట్టలేదు. అధికారుల ముందు టోపీ తీయలేదు, ఎంత పెద్దవాడినైనా నువ్వు అనే పిలిచారు. క్రీస్తు ఒట్టు వేయవద్దన్నాడు కనుక కోర్టులో ప్రమాణం చేయలేదు. ఈ చివరిదే ప్రాణాంతకమైంది. మరే నేరమూ రుజువు కాకపోయినా, రాజభక్తి ప్రమాణం చేయమని అడిగితే చాలు. క్వేకర్ కాదంటాడు, ఆస్తి రాజుకు పోతుంది, మనిషి జైలుకు పోతాడు. మార్గరెట్ ఫెల్ 1664లో ఇలాగే లాంకాస్టర్ కోటలో పడి నాలుగేళ్లు ఉండిపోయింది. స్త్రీలకు బోధించే హక్కుందని వాదించే ఆమె పుస్తకం 1666లో ఆ జైల్లోంచే వచ్చింది. రెండో చార్లెస్ 1660లో బ్రెడా ప్రకటనలో సున్నితమైన అంతఃకరణలకు స్వేచ్ఛ ఇస్తానని మాట ఇచ్చాడు. రెండేళ్లకే పార్లమెంటు క్వేకర్ల పేరు పెట్టి మరీ చట్టం తెచ్చింది. 1664 నాటి సమావేశాల చట్టం, ఇంటివాళ్లు కాక ఐదుగురు, అంతకు మించి ఆరాధనకు చేరడాన్ని నేరం చేసి, మూడోసారి దొరికితే ఏడేళ్లు సముద్రం దాటించాలంది.

రాజ్యం తన కథనాన్ని తానే రాసుకుంటుందని క్వేకర్లు తొందరగానే గ్రహించారు. జేమ్స్ పార్నెల్ అనే కుర్రవాడు ఇరవై ఏళ్లయినా నిండకుండా 1656లో కోల్చెస్టర్ కోట జైల్లో చనిపోయాడు. గోడలో ఎత్తున ఉన్న ఒక బొరియలాంటి గదిలో ఉంచారు, తిండికోసం తాడు పట్టుకుని దిగి ఎక్కాల్సి వచ్చేది, ఒకసారి పడి ఒళ్లంతా దెబ్బతింది. శవ విచారణ మాత్రం అతని చావుకు అతని ఉపవాసమే కారణమంది. అదే ఏడాది అతని మిత్రులు దానికి జవాబుగా ఓ కరపత్రం తెచ్చారు. జైలు సిబ్బంది ఏం చేశారు, తిండి ఎవరు అడ్డుకున్నారు, చివరి రోజుల్లో దగ్గరున్నవారు ఏం చూశారు అన్నవి అందులో వరుసగా ఉన్నాయి. అధికార నివేదికకు ఎదురు నివేదిక నిలిచింది. ఆ పద్ధతి క్రమంగా వ్యవస్థ అయింది. ఎల్లిస్ హుక్స్ అనే గుమాస్తా లండన్‌లో కూర్చుని జిల్లాల నుంచి వచ్చే బాధల వివరాలను పెద్ద పుస్తకాల్లోకి ఎక్కించేవాడు. ఆ రాతప్రతులు నలభైకి పైగా సంపుటాలయ్యాయి. 1670ల మధ్యలో ఈ పనికే ఒక ప్రత్యేక సభ ఏర్పడింది, దాని పేరే ‘బాధల సభ’. 1753లో జోసెఫ్ బెస్ రెండు భారీ సంపుటాల్లో అచ్చు వేయించిన సంకలనానికి ఈ పద్దులే పునాది.

పద్దు రాయడంలో ఒక పదునుంది. కట్టాల్సిన జరిమానా ఎంత, జప్తు చేసిన ఆవు విలువ ఎంత అని రెండూ పక్కపక్కన రాస్తే దోపిడీ దానంతటదే కనిపిస్తుంది. 1670లో వచ్చిన రెండో సమావేశాల చట్టం ఈ పద్ధతికి బోలెడు సరుకు అందించింది. సభకు వచ్చినవాడికి తొలిసారి 5 షిల్లింగులు, తర్వాత 10; బోధించినవాడికి 20 పౌండ్లు, మళ్లీ దొరికితే 40. జూరీ అక్కర్లేదు, ఒక్క మేజిస్ట్రేటు చాలు. వసూలైన దాంట్లో మూడోవంతు సమాచారం ఇచ్చినవాడిది. మతరక్షణ పేరుతో పొరుగువాడి మీద చాడీ చెప్పి డబ్బు చేసుకునే వృత్తి ఒకటి చట్టబద్ధంగా పుట్టింది. మత సిద్ధాంతం పట్టని వ్యాపారికి కూడా ఈ జాబితాలు అర్థమయ్యాయి, ఎందుకంటే మగ్గం పోయిన నేతగాడు పన్నూ కట్టలేడు, అప్పూ తీర్చలేడు. క్వేకర్ నాయకుడు విలియం పెన్ 1675లో దేశప్రయోజనం పేరుతో సహనాన్ని సమర్థించగలిగాడంటే, అంతకుముందు ఈ పద్దులు చేసిన పని తక్కువది కాదు.

ఇవన్నీ ఒక పక్షం రాసుకున్నవే కదా, పెంచి రాసి ఉండరా అని అడగవచ్చు. అడగాల్సిందే. ఇవి ప్రచార రచనలే. హింసించినవారి ఇంట తర్వాత జరిగిన ప్రతి అనర్థాన్నీ దైవశిక్షగా చూపే ధోరణి వాటిలో ఉంది, దాన్ని చరిత్రగా తీసుకోలేం. కానీ పేరు, ఊరు, తేదీ ఉన్న ఆరోపణను బతికున్న అధికారి ఖండించవచ్చు. చాలామంది ఏం చేశారో చూస్తేనే విషయం తేలుతుంది. బరో పుస్తకం బోస్టన్ ప్రభుత్వం రాజుకు పంపిన విన్నపానికి జవాబుగా రాసింది. ఆ ప్రభుత్వం కొరడాలనూ ఉరినీ కాదనలేదు, అవి న్యాయమేనంది. వెళ్లగొట్టాక తెలిసి తెలిసి తిరిగొచ్చారు కనుక తమ చావు తామే తెచ్చుకున్నారని వాదించింది. దాంతో జరిగిందా లేదా అన్న గొడవ అక్కడితో ముగిసి, జరిగినది సరైనదేనా అన్న ఒక్క ప్రశ్నే మిగిలింది. వాదన అంతవరకు రావడం సాక్ష్యం సాధించిన విజయమే.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ మరొకటి ఉంది. క్వేకర్లు గొడవ కోరుకున్నారని. అది కొంత నిజం. పూజారి ప్రసంగం మధ్యలో లేచి అతణ్ని కూలికి బోధించేవాడని నిందించారు. కొందరు ప్రవక్తల తీరులో నగ్నంగా వీధుల్లో నడిచారు. మేరీ డయ్యర్ ఉరికంబం దాకా వెళ్లి క్షమాభిక్షతో బయటపడి, మరుసటి ఏడాది మళ్లీ బోస్టన్ వచ్చింది. ఏ సమాజానికైనా ప్రార్థనను చెదరగొట్టేవాణ్ని బయటికి పంపే హక్కుంటుంది, కాదనను. అయితే 1656 జూలైలో మేరీ ఫిషర్, ఆన్ ఆస్టిన్ అనే క్వేకర్ స్త్రీలు బోస్టన్ రేవుకు వచ్చినప్పుడు ఏ ప్రార్థన చెదిరింది? వాళ్లింకా ఎవరితోనూ మాట్లాడక ముందే పట్టి జైల్లో పెట్టారు. వాళ్ల పెట్టెల్లోని పుస్తకాలను తలారి చేత సంతలో తగలబెట్టించారు. క్వేకర్లను శిక్షించే చట్టం అప్పటికి అక్కడ లేనే లేదు. అల్లరికి భయపడ్డవాడు అల్లరి జరిగేదాకా ఆగుతాడు. పుస్తకాన్ని ముందే కాల్చినవాడు భయపడింది అందులోని మాటకు.

ఇక ఈ ఆలోచనకు క్వేకర్లు ఆద్యులు కారన్నది పూర్తిగా ఒప్పుకోవాల్సిందే. బాప్టిస్టు థామస్ హెల్విస్ 1612లోనే యూదులకూ ముస్లింలకూ సైతం అంతఃకరణ స్వేచ్ఛ ఉండాలని రాసి న్యూగేట్ జైలు పాలయ్యాడు. రోజర్ విలియమ్స్ 1644లో ఇంకా విస్తృతంగా వాదించాడు. తొలినాటి క్వేకర్ కరపత్రాలు ఆ ఎత్తుకు చేరవు కూడా. మేం దేవుడి బిడ్డలం, మమ్మల్ని ముట్టుకుంటే మీకు కీడు అనే ధోరణి వాటిది. అది తమకు మాత్రమే అడిగిన మినహాయింపు. హక్కు అనే మాట దగ్గరికి వాళ్లను నడిపించింది కోర్టులే. 1670 ఆగస్టులో గ్రేస్‌చర్చ్ వీధిలోని సభామందిరానికి సైనికులు తాళం వేస్తే పెన్ వీధిలోనే బోధించాడు. అతణ్నీ తోటి క్వేకర్ విలియం మీడ్‌నూ ఓల్డ్ బెయిలీ కోర్టులో నిలబెట్టారు. ఏ చట్టం ప్రకారం నన్ను విచారిస్తున్నారని పెన్ పదే పదే అడిగాడు, సూటిగా జవాబు రాలేదు. జూరీ అతను వీధిలో మాట్లాడాడని మాత్రమే తేల్చింది. తిండి, నీళ్లు, నిప్పు లేకుండా రాత్రుళ్లు బంధించినా, దోషి అనమని బెదిరించినా లొంగలేదు. చివరికి నిర్దోషులన్న తీర్పు ఇచ్చినందుకు ఒక్కొక్కరికీ 40 మార్కుల జరిమానా పడింది. ఎడ్వర్డ్ బుషెల్ తదితరులు కట్టకుండా జైలుకెళ్లి పై కోర్టుకు వెళ్తే, తీర్పు చెప్పినందుకు జూరీని శిక్షించకూడదని ప్రధాన న్యాయమూర్తి జాన్ వాన్ తేల్చాడు. పెన్, మీడ్ విచారణ సాంతం సంభాషణల రూపంలో ఆ ఏడాదే అచ్చయి, మళ్లీ మళ్లీ ముద్రణ పొందింది. పోలీసు ఠాణాలోనో కోర్టులోనో జరిగినది జరిగినట్టు జనం ముందు పెట్టే రచనలన్నిటికీ దాన్ని పెద్దన్నగా భావిస్తాను.

ఫలితం ఎంత? అతిగా చెప్పకూడదు. బరో మొర విన్న రాజు, ఉరిశిక్షలు ఆపి నిందితులను ఇంగ్లండ్ పంపమని ఉత్తరం రాయించాడు. దాన్ని మోసుకెళ్లే పని శామ్యూల్ షాటక్‌కు అప్పగించాడు. తిరిగొస్తే ఉరి అని మసాచుసెట్స్ వెళ్లగొట్టిన మనిషే రాజదూతగా గవర్నరు ఎండికాట్ గడప తొక్కాడు. ఉరులు ఆగాయి, కానీ ఎడ్లబండి వెనక కట్టి కొరడాలతో కొట్టడం ఆగలేదు. బరో 1663లో న్యూగేట్‌లోనే చనిపోయాడు. 1689 సహన చట్టం రావడానికి రాజవంశపు మార్పు, ప్రొటెస్టెంట్ల ఐక్యత అవసరం ఎక్కువ కారణాలు. అది కాథలిక్కులను బయటే ఉంచింది, దశమభాగం కోసం జప్తులు దాని తర్వాతా సాగాయి.

అన్నిటికన్నా గట్టి పరీక్ష క్వేకర్లు పాలకులైనప్పుడు వచ్చింది. పెన్ 1681లో పొందిన పెన్సిల్వేనియాలో ఏకేశ్వరుణ్ని నమ్మే ఎవరికైనా ఆరాధన స్వేచ్ఛ ఉండేది, పదవులు మాత్రం క్రైస్తవులకే. లండన్‌లో 1673 నుంచే క్వేకర్ల రచనలను అచ్చుకు ముందు వడపోసే సభ ఒకటి నడుస్తోంది. 1692లో జార్జ్ కీత్ అనే క్వేకర్ మేధావి పెద్దలతో విభేదించి రాసిన కరపత్రాన్ని ఫిలడెల్ఫియా ముద్రాపకుడు విలియం బ్రాడ్‌ఫర్డ్ అచ్చు వేస్తే, క్వేకర్ మేజిస్ట్రేట్లు అతణ్ని జైల్లో పెట్టి అక్షరాలూ పరికరాలూ స్వాధీనం చేసుకున్నారు. ముద్రాపకుడి పేరు లేని పుస్తకం అన్న అభియోగానికి ఆధారం 1662 నాటి ముద్రణ చట్టం. ఒకప్పుడు తమ నోరు నొక్కిన చట్టాన్నే వాళ్లు తీసి వాడారు. ఇది చూపి, స్వేచ్ఛ గురించి వాళ్లు చెప్పినదంతా బలహీనుల అవసరమేనని తీసిపారేసేవారున్నారు. ఆ పాలకుల మీద వేసే నిందను నేనేమీ తగ్గించను. కానీ బ్రాడ్‌ఫర్డ్ తనను ఎలా కాపాడుకున్నాడో చూడండి. ఆ రాత దేశద్రోహమా కాదా అన్నది కూడా జూరీయే తేల్చాలని పట్టుబట్టాడు. పెన్ విచారణ పుస్తకం నేర్పిన పాఠం అది. జూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. కీత్ వర్గం మరుసటి ఏడాది ఆ విచారణ కథను అచ్చు వేసి, న్యూ ఇంగ్లండ్ హింసా స్వభావం పెన్సిల్వేనియాకు దిగుమతి అయిందని పుస్తకం పేరులోనే చాటింది. న్యాయమూర్తుల పేర్లు, అడిగిన ప్రశ్నలు, జవాబులు అన్నీ అందులో ఉన్నాయి. బ్రాడ్‌ఫర్డ్ న్యూయార్క్ వెళ్లి మళ్లీ అచ్చుయంత్రం పెట్టుకున్నాడు. ఆ 1693లోనే నీగ్రో బానిసలను కొనవద్దని, ఉన్నవారిని విడిచిపెట్టమని తోటి క్వేకర్లను కోరుతూ కీత్ వర్గం తెచ్చిన కరపత్రం అచ్చయింది అతని దగ్గరే.