దాక్కోవడం తెలియని గూఢచారి

మహానంది కోనేట్లో నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే, అడుగున పడ్డ రూపాయి బిళ్ళ గట్టుమీంచే కనిపిస్తుంది. భక్తుడికి అది మహిమ. గూఢచారికి మాత్రం అంతకన్నా చెడ్డ చోటుండదు. మన సినిమా గూఢచారులు అరవై ఏళ్లుగా అలాంటి నీళ్లలోనే ఈదుతున్నారు. గూఢచారి దాక్కోవాలి, హీరో కనబడాలి. ఇద్దరూ ఒకే మనిషి.

1966లో 'గూఢచారి 116' వచ్చినప్పుడు ఈ చిక్కు ఎవరికీ తట్టలేదు. ఎం. మల్లికార్జునరావు దర్శకుడు, కృష్ణ, జయలలిత జంట. కృష్ణకి ఆంధ్రా జేమ్స్‌బాండ్ అనే పేరొచ్చింది. మరుసటేడే అది హిందీలో 'ఫర్జ్' అయి జితేంద్రని స్టార్‌ని చేసింది. అసలు బాండే దాక్కునే రకం కాదు. పేరడిగితే ఉన్న పేరే చెప్తాడు. అందుకే ఆ చొక్కా మన స్టార్లకి ఇట్టే సరిపోయింది.

తంటా అంతా కామెడీతోనే. నవ్వు పుట్టాలంటే మనం నవ్వాల్సింది అతన్ని చూసే. 1963 నాటి 'పింక్ పాంథర్'లో పీటర్ సెల్లర్స్ వేసిన ఇన్‌స్పెక్టర్ క్లూజో తను మహా మేధావిననే నమ్ముతాడు. ఆ నమ్మకమే హాస్యం. మనకి ఆ సాహసం చేసింది జంధ్యాల. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా 1986లో తీసిన 'చంటబ్బాయ్'లో డిటెక్టివ్ పాండురంగారావుగా చిరంజీవి ఆడవేషం కట్టాడు, చాప్లిన్‌లా నడిచాడు, తనమీద మనల్ని నవ్వనిచ్చాడు. ఆ రోజుల్లో అది పెద్ద హిట్టేం కాదు. ఇవాళ మాత్రం ఎక్కణ్ణుంచి మొదలెట్టినా చూస్తాం.

ఇప్పుడు 2023 ఏప్రిల్ 28న విడుదలైన 'ఏజెంట్' సంగతి. సురేందర్ రెడ్డి దర్శకుడు. రాలో చేరాలని తపించే రిక్కీ అనే కోతిచేష్టల కుర్రాడు అఖిల్, పై అధికారి మమ్ముట్టి. కాగితం మీద చూస్తే ఇది కామెడీకి తగ్గ కథే. కానీ సినిమా రిక్కీని చూసి నవ్వనివ్వదు. ఒక సీన్లో వెకిలి, మరుసటి సీన్లో వీరుడు. చేష్టలు జోకర్‌వి, కండలు యోధుడివి. తప్పు చేసినా దెబ్బ తగలదు, ఓడినా పరువు పోదు. పరువు పోయే ప్రమాదమే లేని మనిషి చుట్టూ హాస్యం ఎలా పుడుతుంది? భయమైనా ఎలా పుడుతుంది?

విడుదలైన కొద్ది రోజులకే నిర్మాత అనిల్ సుంకర, బౌండ్ స్క్రిప్ట్ లేకుండా మొదలుపెట్టడం పెద్ద పొరపాటని బహిరంగంగానే ఒప్పుకున్నారు. ఇదేం కొత్త రోగం కాదు. 1967లో బాండ్ మీద పేరడీగా తీసిన 'క్యాసినో రాయల్'కి టైటిల్స్‌లో ఐదుగురు దర్శకుల పేర్లున్నాయి. స్క్రిప్టు ఎప్పటికప్పుడు మారుతూనే పోయింది. క్లూజోగా ప్రపంచాన్ని నవ్వించిన సెల్లర్సే ఇందులోనూ ఉన్నాడు, పని పూర్తవకుండానే వెళ్లిపోయాడు. అంత నటుడికే కథ ఆసరా లేకపోతే నిలబడటం కష్టమైంది. అలాంటిది 'ఏజెంట్'కి తిట్లన్నీ అఖిల్ ఒక్కడే తినడం న్యాయం కాదు.

స్క్రిప్టు ఉంటే సరిపోయేదా అంటే, అదీ అనుమానమే. 2019లో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' నవ్వించిందంటే కారణం స్క్రిప్టు ఒక్కటే కాదు. నెల్లూరులో చిన్న ఆఫీసు పెట్టుకుని, తనని తాను గొప్ప డిటెక్టివ్ అనుకునే ఆ కుర్రాడికి కాపాడుకోవాల్సిన స్టార్ ఇమేజ్ లేదు. నవీన్ పోలిశెట్టి హాయిగా అభాసుపాలు కాగలిగాడు.

తెలుగులో గూఢచారి కామెడీ బతకాలంటే ముందు రాయాల్సింది హీరో ఎంట్రీ కాదు. అతను మన ముందు బోర్లా పడే సీను.