అరిగిన డబ్బు

మొగల్తూరులో ఒక పాత మండువా యింట, దేవుని పెట్టె యడుగున, పసుపు కుంకుమ లంటిన రాగినాణెమొకటి నా చేతికిచ్చినపుడు, దానిని వెలుతురునకు పట్టి, ఏటవాలుగా త్రిప్పి, కంటికానని గీతలను వ్రేలికొనతో తడవి చదువవలసి వచ్చెను. ఒకప్రక్క ఈస్టిండియా కంపెనీవారి హృదయాకారపు వర్తకముద్ర లీలగా మిగిలియున్నది, అంకెలలో 97 మాత్రము తెలియుచున్నది, రెండవప్రక్క నునుపు.

అది 1797 నాటి డబ్బు. నేడు ధనమంతటికి చెల్లుచున్న ఆ మాట యొకప్పుడు ఇట్టి రాగిబిళ్లకే పేరు. ఉత్తర సర్కారుల కొఱకు వీనిని బర్మింగుహాము చెంత సోహో టంకశాలలో మాథ్యూ బౌల్టన్ ఆవిరియంత్రములపై 1794లోను, మరల 1797లోను ముద్రింపించెను. రూపాయికి నలువదియెనిమిది, అనగా అణాకు మూడు. అందు సగమునకు తొంబదియాఱు.

నాణెములు కూడబెట్టువారు రెండు తూనికరాళ్లు చేతబట్టుదురు: అరుదు ఒకటి, మెరుగు వేఱొకటి. వేలమున కూర్చున్నప్పుడు తరచుగా మెరుగే గెలుచును. ఈ డబ్బులకే బంగారుపూత పూసిన నమూనాలు కొన్ని, చెలామణికై గాక చూపుటకై సిద్ధపఱచినవి, నేటికిని గీత చెడక యున్నవి. వానిని కోరువారిని నేను తప్పుపట్టను. ఆ పనితనము చూడదగినదే. అయినను ఏ బిళ్ల మెరయుచున్నదో ఆ బిళ్లతో నరసాపురపు సంతలో ఉప్పు కొన్నవారు లేరు. ఏది అరిగెనో అదియే మన మధ్య బ్రదికినది.

అరుదును సైతము పూర్తిగా నమ్మరాదు. 1808 ముద్రగల మదరాసు కాసునాణెములను మోసికొని బయలుదేరిన అడ్మిరల్ గార్డనర్ అను ఓడ 1809 జనవరిలో ఆంగ్లతీరపు గుడ్విన్ ఇసుకతిప్పలపై మునిగెను. 1980ల దశకమున మునుగువారు ఆ సరుకును రాసులుగా వెలికి తీయగా, అంతవఱకు మంచిస్థితిలో దొరకుట కష్టమైన నాణెము అంగడి వస్తువయ్యెను. ఒడ్డుకు చేరని రాగి మెరుగుతో వచ్చెను, చేరినది అరిగిపోయెను.

మన గోదావరి డెల్టాకు అరుదు వేఱొక త్రోవను వచ్చినది. వేంగీ చాళుక్యులలో శక్తివర్మయు, రాజమహేంద్రవరమేలిన రాజరాజనరేంద్రుడును పలుచని వెడల్పైన బంగారు రేకుపై నడుమ వరాహమును, చుట్టును విడివిడి ముద్రలతో అక్షరములను కొట్టించిరి. ఇట్టివి ధవళేశ్వరమున దొరకినవి. అరకాను, సయాముల దాకను పోయి దొరకినవి. బంగారము దొరకినంతనే కంసాలి మూస దాని ముగింపగుచుండుటచే, మేలిమి గలదే ఇంట కఱవయ్యెను. పది రూపాయలకు మించిన నిధి దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిధి చట్టము విధించెను గాని, ఆ భయముననే కరగించినవారెందఱో! విష్ణుకుండిన రాజుల నాణెముల కష్టము వేఱు: వానిలో పెక్కింటికి లోన ఇనుము, పైన రాగిపొర, ఉప్పుగాలియు తడిమన్నును గల నేలలో ఇనుము త్రుప్పుపట్టి యుబ్బి పొరను చీల్చును. వానియం దచ్చమైన మెరుగు కోరువాడు పుట్టుకతోనే లేనిదానిని కోరుచున్నాడు.

చెడినదంతయు చెడుగు కాదనుటకు నల్లగొండ జిల్లా అక్కనపల్లి సాక్షి. అచట దొరకిన 1531 రోమను వెండి నాణెములలో పెక్కింట అగస్టసు, టైబీరియసు చక్రవర్తుల ముఖములపై ఉలిగాటు కలదు. లోన వెండి గలదో లేదో చూచుటకనియు, చెలామణి మాన్పుటకనియు పండితులు తర్కింతురు. వెలకట్టువానికది గాయము, చరిత్రకారునికి, ఈ గడ్డపై ఒక మనిషి పరదేశపు ధనము నెట్లు చూచెనో తెలుపు వ్రాత. గాటులేని నాణెము రోమును గూర్చియే పలుకును.

గాటు కంటె, అరుగుట కంటె నన్ను బాధించునది తోముట. చిలుము నాణెమునకు శత్రువని తలంచి చింతపండుతో రుద్దుదురు. శతాబ్దములు నిలిచిన గట్టిపొర యొక గడియలో పోవును, దానితో అక్షరపు టంచులును పోవును. ఎక్కడ, ఏ ముంతలో, వేని సరసన దొరకెనన్న వార్త సైతము సాధారణముగా ఆ నీటితోడనే పాఱబోయబడును.

ఆ యింటి బామ్మగారు నా తిప్పలు చూచి, "ఉండండి బాబూ, చింతపండు పెట్టి తోమిస్తాను, తళతళలాడుద్దండి" అనిరి. వలదంటిని. ఆమె నా ముఖము వంక ఒక క్షణము చూచి, పైటచెఱగుతో దానిపై పసుపును మాత్రము తుడిచి, మరల పెట్టెలో నుంచిరి.