బెండ మొక్కయు, దాని అడవి చుట్టమును

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుటులోని తెలుగిండ్లలో బెండకాయ వేపుడో పులుసో లేని వారముండదు. మన బెండకాయయే ఇరుగుపొరుగు కన్నడిగులకు బెండెకాయి. హోసూరు, సర్జాపుర రహదారుల పేర్లు కలిసి ఏర్పడిన ఈ పేటలో స్థిరపడిన మనలో, ఆ కూర చరిత్రలోని యొక ముఖ్య ఘట్టము బెంగుళూరు చెంతనే జరిగినదని ఎరిగినవారు కొలదిమందియే.

బెండకు పరమశత్రువు పల్లాకు తెగులు. తెల్లదోమ దీని వైరసును మొక్కనుండి మొక్కకు మోసికొనిపోవును. తొలుత ఆకుల ఈనెలు పసుపెక్కును. పిమ్మట ఆకంతయు పండుబారును. కాయలు పాలిపోయి గిడసబారును. 1924లో బొంబాయి రాజధానిలో ఈ తెగులు మొదట నమోదయ్యెను. 1950 తరువాతి దశకమున ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థవారు ‘పూసా సావని’ యను రకమును రూపొందించిరి. అది దేశమంతట వ్యాపించినది. కాని తెగులు నెదుర్కొను శక్తి దానియందు క్రమముగా సన్నగిల్లినది.

సాగు బెండలో లేని బలమును ఎచ్చట వెదకవలెను? 1967లో నెలకొల్పబడిన భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ బెంగుళూరునకు వాయవ్యమున హెసరఘట్టలో నున్నది. అచ్చటి శాస్త్రజ్ఞులు ‘టెట్రాఫిల్లస్’ అను అడవి బెండను ఆశ్రయించిరి. దాని కాయ చిన్నది, నూగు దట్టమైనది; కూరకు పనికిరాదు. అయినను పల్లాకు తెగులును తట్టుకొను గుణము దానికి కలదు. ఆ రెంటిని సంకరపరచిరి. దూరపు చుట్టరికమగుటచే ఇట్టి సంకరములు తరచు గొడ్డుపోవును. కావున వానిని మరల మరల సాగు బెండతో కలిపి, ప్రతి తరమునను తెగులు సోకని మంచి కాపు మొక్కలను ఏరి నిలిపిరి. ‘అర్క అనామిక’, ‘అర్క అభయ్’ రకములు అట్లు జనించినవి.

స్ట్రాబెర్రీ కథయు నిట్టిదే. 18వ శతాబ్దమున ఐరోపా తోటలలో, అమెరికా ఖండములనుండి తెచ్చిన రెండు అడవి జాతులు కలియగా నేటి తోట స్ట్రాబెర్రీ పుట్టినది. తెగుళ్లను, పురుగులను తట్టుకొను గుణములకై శాస్త్రజ్ఞులు నేటికిని ఆ అడవి పూర్వికులనే పరిశోధించుచున్నారు.

అయితే ఈ విజయములు శాశ్వతములు కావు. వైరసును మారుచుండును, అనామికకును పిమ్మట పలుచోట్ల తెగులు సోకినది. శాస్త్రజ్ఞులు మరల అడవి మొక్కల చెంతకే పోవలసియున్నది. అప్పటికవి మిగిలియుండవలెను గదా! పొలములును బీళ్లును ఇండ్ల స్థలములైన పేటలో వసించు మనము ఈ మాట మరువరాదు. పిచ్చిమొక్క యని నేడు పీకివేసినదానియందే రేపు మన మనుమల కూరను కాపాడు గుణము దాగియుండవచ్చును.