నెలసరి మీద మోపిన నేరం

నెలసరిని బట్టి ఆడవాళ్ళ బుద్ధీ, నడతా మారిపోతాయన్న మాట మన ఇళ్ళలో పుట్టిందే అనుకుంటాం. బయట చేరిన మనిషిని మూడు రోజులు మూల కూర్చోబెట్టిన వాళ్ళం కనుక అలా అనుకోవడంలో వింత లేదు. కానీ ఇదే మాటను శాస్త్రం పేరుతో చెప్పి ఆడపిల్లల చదువుకు అడ్డం పెట్టిన పెద్దమనిషి అమెరికాలో ఉన్నాడు.

ఆయన పేరు ఎడ్వర్డ్ క్లార్క్. హార్వర్డ్‌లో వైద్యం బోధించినవాడు. ఎదిగే వయసు ఆడపిల్ల మగపిల్లలతో సమానంగా, నెల పొడుగునా ఒకే తీరున చదివితే గర్భాశయానికి చేరవలసిన శక్తిని మెదడు లాగేసుకుంటుందని 1873లో పుస్తకం రాశాడు. కొద్దిమంది రోగుల కథలే ఆయన చూపిన రుజువు.

దీనికి మేరీ పట్నమ్ జాకోబీ అనే వైద్యురాలు బదులు చెప్పింది. 268 మంది స్త్రీల నుంచి జవాబులు తెప్పించింది, కొందరి నాడి కూడా కొలిచింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఆ రోజుల్లో పని మానుకోనక్కర్లేదని తేల్చింది. 1876లో హార్వర్డ్ వారి బాయిల్‌స్టన్ బహుమతి ఆ వ్యాసానికే వచ్చింది. పోటీకి వ్యాసాలు పేరు లేకుండా పంపాలి మరి! హార్వర్డ్ వైద్య కళాశాల ఆడవాళ్ళను చేర్చుకున్నది 1945లో.

అయినా ఆ మాట చావలేదు. క్లార్క్ పుస్తకం వచ్చిన నలభై ఏళ్ళకు లీటా హాలింగ్‌వర్త్ రోజు చిట్టా రాసి చూసింది. ఈమె నెబ్రాస్కాలో పంతులమ్మ. న్యూయార్క్ వచ్చి పెళ్ళి చేసుకుంటే, పెళ్ళయిన ఆడదానికి అక్కడ బడిలో ఉద్యోగం ఇవ్వమన్నారు. చేసేదిలేక మళ్ళీ చదువుకుని పరిశోధనకు దిగింది. కొందరు స్త్రీలకూ, పోల్చడానికి ఇద్దరు మగవాళ్ళకూ వరసగా పరీక్షలు పెట్టింది. చెయ్యి వణకకుండా నిలుస్తుందా, రంగుల పేర్లు ఎంత వేగంగా చెబుతారు, టైపు ఎలా పట్టుబడుతోంది, ఇలాంటివి. ముట్టు రోజుల్లో పని తగ్గిన జాడ కనబడలేదు. ఆ పరిశోధన 1914లో అచ్చయింది.

తర్వాత ముద్దాయి పేరు మారింది. 1929లో ఈస్ట్రోన్‌నూ, 1934లో ప్రొజెస్టిరాన్‌నూ వేరుచేశారు. మధ్యలో, 1931లో, రాబర్ట్ ఫ్రాంక్ అనే వైద్యుడు ముట్టుకు ముందు వచ్చే చిరాకును జబ్బుగా వర్ణించి దోషం హార్మోన్ల మీద పెట్టాడు. గర్భాశయం తప్పుకుంది, హార్మోన్ బోనెక్కింది. 1970లో డెమోక్రటిక్ పార్టీ సంఘంలో ఉన్న ఎడ్గార్ బెర్మన్ అనే డాక్టరు, హార్మోన్ల ఒడుదుడుకుల వల్ల ఆడవాళ్ళు దేశాధ్యక్ష పదవివంటి బాధ్యతలకు తగరన్నాడు. కాంగ్రెస్ సభ్యురాలు పాట్సీ మింక్ ఊరుకోలేదు. ఆయన ఆ సంఘం నుంచి తప్పుకోవలసి వచ్చింది.

అలాగని బాధే లేదనడం అన్యాయం. కొద్దిమందికి ముట్టుకు ముందు దిగులూ, కోపమూ భరించరానంతగా వస్తాయి. 2013లో అమెరికా మనోవైద్యుల పట్టికలో దీన్ని ప్రత్యేక వ్యాధిగా చేర్చారు. వీళ్ళ రక్తంలో హార్మోన్లు మిగతావారికంటే ఎక్కువేమీ ఉండవు. మామూలు మార్పులకే మెదడు ఎక్కువగా స్పందిస్తుంది. ఆ వ్యాధి ఉందని ఖాయం చేయాలంటే, కనీసం రెండు నెలసరులపాటు ఏ రోజు ఎలా ఉన్నదీ ఆ మనిషే ఏ రోజుకారోజు రాసి పెట్టాలి.