మర్చిపోని చెయ్యి

1911లో క్లాపరేడ్ అనే స్విస్ మనస్తత్వవేత్త ఒక చిన్న ప్రయోగం గురించి రాశాడు. చిన్నదే గానీ, కాస్త క్రూరమైనది. జెనీవా దగ్గర ఒక ఆసుపత్రిలో నలభై ఏడేళ్ళ ఆవిడ ఉండేది. పాత సంగతులు గుర్తే, కొత్తవేవీ నిలిచేవి కావు. రోజూ చూసే డాక్టరు కూడా ఆవిడకి రోజూ కొత్తమనిషే. ఒకరోజు క్లాపరేడ్ వేళ్ళ మధ్య గుండుసూది దాచుకుని ఆవిడకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. సూది గుచ్చుకున్న సంగతి ఆవిడ కాసేపటికే మర్చిపోయింది. కానీ ఆయన మళ్ళీ చెయ్యి చాస్తే, తన చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది. ఎందుకంటే చెప్పలేకపోయింది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. జ్ఞాపకం అనగానే నాకు హార్డ్ డిస్కే గుర్తొస్తుంది. రాస్తే ఉంటుంది, రాయకపోతే లేదు. ఈ లెక్కలో ఆవిడ చెయ్యి లాక్కోవడానికి కారణమే లేదు.

ఆ లెక్క తప్పని గట్టిగా చూపించినవాడు హెన్రీ మోలైసన్. 1953లో, అతని ఇరవై ఏడో ఏట, అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో విలియం స్కోవిల్ అనే సర్జన్ మూర్ఛలు తగ్గించడానికి అతని మెదడుకి ఆపరేషన్ చేశాడు. రెండువైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం, దాని చుట్టుపక్కల భాగాలు తీసేశాడు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ తర్వాత కలిసిన మనుషులు, జరిగిన సంగతులు అతనికి నిమిషాల్లో చెరిగిపోయేవి. మాంట్రియల్ నుంచి వచ్చి అతన్ని పరీక్షించిన బ్రెండా మిల్నర్, స్కోవిల్‌తో కలిసి 1957లో ఈ కేసు ప్రచురించింది. హిప్పోకాంపస్ లేకపోతే కొత్త జ్ఞాపకం నిలవదని లోకానికి తెలిసింది దీంతోనే.

తర్వాత మిల్నర్ అతనికి ఇంకో పని ఇచ్చింది. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ అంచుల మధ్య పెన్సిల్‌తో గీత గియ్యాలి. అద్దంలో అంతా తిరగబడి కనబడుతుంది కాబట్టి మొదట్లో ఎవరికైనా చెయ్యి తడబడుతుంది. మూడు రోజుల్లో హెన్రీ చెయ్యి కుదిరింది. అయితే, ఆ పని అంతకు ముందు చేసినట్టు అతనికి గుర్తే లేదు! అంటే జ్ఞాపకం ఒకటి కాదు. జరిగింది చెప్పగలిగే జ్ఞాపకం వేరు, చేతికి పట్టుబడే నేర్పు వేరు.

పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆగుతాయి. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ తర్వాతి కథ. దశాబ్దాల పాటు అతన్ని పరీక్షించిన సుజాన్ కోర్కిన్ పేరు హెన్రీకి నిలవలేదు. అయినా ఆమె ముఖం పరిచయమైనదిగానే తోచేది, హైస్కూల్లో తనతో చదువుకుందేమో అనుకునేవాడు. ఒక దశలో నాన్న చనిపోయాడనీ, అమ్మ నర్సింగ్ హోమ్‌లో ఉందనీ సొంత చేత్తో చీటీ రాసుకుని పర్సులో పెట్టుకున్నాడు. 2008లో, ఎనభై రెండేళ్ళ వయసులో, అతను పోయేదాకా లోకానికి అతని పేరులోని రెండు అక్షరాలే తెలుసు: హెచ్.ఎం.

ఆ చీటీ గురించి చదివినప్పుడు పుస్తకం మూసేశాను.

మా తాతయ్యకి అల్జైమర్స్. ఆ జబ్బు సాధారణంగా మొదలయ్యేదీ హిప్పోకాంపస్ పరిసరాల్లోనే. "మీ అమ్మమ్మ ఏదిరా?" అని అడిగేవాడు. "అమ్మమ్మ పోయి రెండేళ్ళయింది కదా తాతయ్యా" అని చెప్పేవాణ్ణి. "నాకెవరూ చెప్పలేదే!" అని ఏడ్చేవాడు. పావుగంటలో మర్చిపోయేవాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పేవాణ్ణి. నిజం దాచకూడదని నా పట్టుదల. ఎలాగూ మర్చిపోతాడు కదా అని ధైర్యం కూడా.

2014లో అయోవా విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక అధ్యయనం ప్రచురించారు. అల్జైమర్స్ ఉన్నవాళ్ళకి విషాదంగా ఉండే సినిమా దృశ్యాలు చూపించారు. కాసేపటికి ఏం చూశారో వాళ్ళకి దాదాపుగా గుర్తులేదు. దిగులు మాత్రం అలాగే ఉంది. చూసినది ఎంత తక్కువ గుర్తుంటే దిగులు అంత ఎక్కువసేపు నిలిచింది.

అంటే పావుగంటలో చెరిగిపోయింది నేను చెప్పిన వార్త. ఏడుపు తెచ్చిన బరువు ఆయన దగ్గరే ఉండిపోయిందేమో, అదీ కారణం తెలియకుండా.

అమ్మ ఇవేవీ చదవలేదు. తాతయ్య అదే ప్రశ్న అడిగితే ఆయన పక్కన కూర్చుని, "అమ్మ గోంగూర పచ్చడి ఎలా నూరేది నాన్నా?" అనేది. అబద్ధమేమీ చెప్పేది కాదు. ఆయన పాత సంగతులు అరగంట చెప్పేవాడు. తర్వాత ఏం మాట్లాడాడో గుర్తుండేది కాదు గానీ, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

చివరి నెలల్లో నేను గదిలోకి వెళ్తే తాతయ్య మంచం మీద కొంచెం గోడవైపు జరిగేవాడు. నేనెవరో తెలియక అనుకున్నాను. అమ్మ కూడా ఎవరో ఆయనకి తెలియదప్పటికే. కానీ అమ్మ వెళ్తే చెయ్యి చాచేవాడు.